ఒక ఆవర్తనం ఆగినందుకు

మదరాసు, తంబుచెట్టి వీధి
1938 అక్టోబరు 4

తమ్ముడు కుంజితపాదానికి,

ఇక్కడ గొంతు బాగానే ఉంది, కాళ్ళే బాగాలేవు. అందరి ఇళ్ళ మెట్లూ ఎక్కి దిగి వాచిపోయాయి. నువ్వూ, తిలకవతీ, పాపా కులాసా అని మీ మామగారు రాసిన కార్డులో చూశాను. నీ చేత్తో ముక్క రాసి రెండు నెలలైంది. మృదంగం మోసే చేతికి కలం బరువైందా?

కాళ్ళు ఎందుకు వాచాయో చెబుతాను. ఈ డిసెంబరు కచేరీల్లో సంగీత సభవాళ్ళు నాకు సాయంత్రం ఆరింటి కచేరీ ఇచ్చారు. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళకి ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి, అన్నాలు తిని కునికిపాట్లు పడేవాళ్ళ ముందు. ఆరింటి కచేరీ ఆ సభలో ఇంతవరకు ఏ ఆడదీ పాడలేదు. సెక్రటరీ ఇంటికొచ్చి, కాఫీ తాగి, మెల్లిగా అన్నాడు: "అమ్మా, కీర్తనలు పాడండి, జావళీలు పాడండి, జనం పడి చస్తారు. ఆ రాగం, తానం, పల్లవి అని ఒకే పాదం పట్టుకుని గంటసేపు తిప్పడం ఒక్కటీ ఎందుకండీ? లెక్కలూ, గొడవా, అదంతా మగవాళ్ళ వ్యవహారం."

"ఆరింటి కచేరీలో పల్లవి పాడకుండా ఏ మగాడైనా దిగి వెళ్ళాడేంటండీ?" అన్నాను. తల గోక్కుని ఒప్పుకున్నాడు. పోతూ పోతూ మెలిక పెట్టాడు: "అయితే మృదంగం మాత్రం మీరే చూసుకోవాలి."

ఆ మెలిక ఎంత గట్టిదో తర్వాత తెలిసింది. మొదటి విద్వాంసుడికి నడుం నొప్పి. రెండో ఆయన "కీర్తనలకైతే వస్తా, పల్లవికి రాను. ఆడదాని పల్లవికి వాయిస్తే రేపు నన్ను గజ్జెలు కట్టుకోమంటారు" అన్నాడు. మూడో ఆయన ఇంట్లో లేడని భార్యచేత చెప్పించాడు. ఆవిడ చెబుతుండగానే లోపలినించి దగ్గాడు, పాపం.

కార్తీక దీపంలోగా మృదంగం పేరు ఇవ్వకపోతే ఆ సాయంత్రం ఇంకొకరికి పోతుంది. నువ్వు రా. నా తమ్ముడివని కాదు, ఈ దేశంలో నీ చెయ్యి లాంటి చెయ్యి ఇంకోటి నేను వినలేదు కనక.

పల్లవి కూడా ఇందులోనే రాసి పంపుతున్నాను. కల్యాణి, ఆదితాళం. ఎత్తుగడ తాళం మొదటి దెబ్బ మీద కాదు. చెయ్యి పడి ముప్పావు దెబ్బ దాటాక మాట అందుకోవాలి. కొంచెం జారుడు చోటే. తీరిగ్గా చూసుకో.

కామంచి ఒరుగులు ఉంటే కాసిని పంపించు. ఇక్కడ దొరికేవి వట్టి చేదు.

పోస్టుమేన్ని రోజూ నిలదీస్తున్న నీ అక్క,
తైయల్నాయకి


కుంభకోణం
1938 అక్టోబరు 11

అక్కకు నమస్కారం.

ఉత్తరం అందింది. పాపకి చెవులు కుట్టించాం. రెండు రోజులు ఊరంతా వినపడేలా ఏడ్చింది. తారస్థాయి నీదే వచ్చిందని తిలకవతి అంటోంది.

పన్నెండేళ్ళుగా కొరడాచేరి భాగవతర్ పాటకి పక్కన కూర్చుని వాయిస్తున్నాను. ఏ రాగం ఎత్తుకుంటారో, పల్లవి ఎక్కడ మొదలుపెడతారో ఒక్కరోజైనా ముందు చెప్పలేదు. వేదిక మీద విసురుతారు, నేను పట్టుకుంటాను. అది మృదంగం వాడికి ఇచ్చే మర్యాద. నువ్వు నాకు పల్లవి కాగితం మీద రాసి, ఎక్కడ ఎత్తుకోవాలో వివరించి, "తీరిగ్గా చూసుకో" అన్నావు. బడిపిల్లాడికి లెక్క ఇచ్చినట్టు. నా చేతి మీద అంత నమ్మకం ఉన్నప్పుడు వేరే ఎవరినైనా చూసుకోవడం మంచిది.

ఒరుగులు పార్సెల్లో పంపాను.

కుంజితపాదం


మదరాసు
1938 అక్టోబరు 17

ఒరే కోపిష్ఠీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత కూర్చుని కాసేపు ఏడ్చాను. ఒరుగులు మాత్రం బాగున్నాయి.

పల్లవి ముందు పంపింది నిన్ను పరీక్షించడానికి కాదు. మీ మగవాళ్ళ పల్లవి నేను చిన్నప్పటినించీ చూస్తున్నాను. అది సంగీతమా, కోడిపందెమా? పాడేవాడు కత్తి కడతాడు, వాయించేవాడు తప్పించుకుంటాడు, ముందు వరసలో వాళ్ళు "భళా" అంటారు. ఎవడో ఒకడు వేదిక మీద పరువు పోగొట్టుకుంటేగానీ వాళ్ళకి తృప్తి లేదు. నాకా సరదా లేదు. నాకు తెలిసింది నీకూ తెలియాలి, ఇద్దరం కలిసి దాన్ని నడిపించాలి. దీంట్లో అవమానం ఎక్కడుంది?

నిజం చెప్పు. ఇది నీ మాటేనా, మీ మామగారి మాటా? ఆయన ఈమధ్య మన కులం పేరు ఎవరైనా అడిగితే మాట మారుస్తున్నారని విన్నాను. కోవెల్లో గజ్జె కట్టిన ఇంటి ఆడపడుచు పక్కన, పదిమంది చూస్తుండగా అల్లుడు కూర్చుంటే ఆయనకి తలవంపులు కాబోలు. తిలకవతి కూడా తండ్రి కూతురే కదా. నా ఇంట్లో తిన్నన్నాళ్ళూ వదినా వదినా అంది. ఇప్పుడు వదిన పనికిరాకుండా పోయిందన్నమాట.

కార్తీక దీపం దగ్గరికొస్తోంది. అవునో కాదో ఒక్క ముక్క రాయి.

తైయల్నాయకి


కుంభకోణం
1938 నవంబరు 1

అక్కకు,

నీ ఉత్తరం తిలకవతి చేతిలో పడింది. ఆమె చదివి, మడిచి పక్కన పెట్టింది. వంట పూర్తిచేసి, నాకు వడ్డించి, అప్పుడంది: "మీ అక్కకి నా మాటగా రాయండి. వెళ్ళి వాయించమని మొదటిరోజే నేను చెప్పాను. వెళ్ళనిది మీరు. నన్నెందుకు మధ్యలో నిలబెడతారు?" ఆమెకి నువ్వు క్షమాపణ బాకీ. మామగారికి నీ కచేరీ సంగతే తెలియదు.

అడ్డు భాగవతర్. ఆయన దగ్గర చేరిన రోజు తాంబూలం చేతిలో పెట్టి మాట తీసుకున్నారు, ఆడగొంతుకి వాయించనని. ఇంతకాలం ఆ మాట ఎప్పుడూ బరువనిపించలేదు, ఎవరూ పిలవలేదు కనక. నీ ఉత్తరం వచ్చాక వెళ్ళి అడిగాను. ఊయల ఆపకుండానే అన్నారు: "వెళ్ళరా, మీ అక్కే కదా. నీ ఇష్టం. కానీ ఆడదాని పక్కన కూర్చున్న చెయ్యి మళ్ళీ నా పక్కకి రాకూడదు." ఆయన పక్కన లేకపోతే ఈ జిల్లాలో నన్ను పిలిచేవాడు లేడు.

అక్కా, అంత అవసరమా పల్లవి? కీర్తనలు పాడు. నీ తోడి రాగం వింటే రాళ్ళు కరుగుతాయి. కీర్తనలకైతే ఎవరో ఒకరు దొరుకుతారు. పల్లవి పాడితే ఏమొస్తుంది?

కుంజితపాదం


మదరాసు
1938 నవంబరు 9

తమ్ముడూ,

తిలకవతికి విడిగా ఉత్తరం రాశాను. ఆమె పేరున వేసిన కవరు నువ్వు విప్పకు. నాది నోరు కాదు, తాటిమట్ట. ఏం చెయ్యను.

పల్లవి పాడితే ఏమొస్తుందని అడిగావు. నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. మాయవరంలో అమ్మ ఉన్న రోజుల్లో ప్రతి శుక్రవారం పొద్దున్నే ఒకాయన వచ్చేవాడు. అప్పటికి నీకు నాలుగేళ్ళు, వీధిలో ఆడుకునేవాడివి. ఆయన రాగానే అమ్మ వీధి తలుపు వేసేది. నేను తంబురా మీటేదాన్ని. అమ్మ పల్లవి పాడేది, ఆయన నేర్చుకునేవాడు. ఎత్తుగడ అందక తొడ మీద తాళం తప్పి, అమ్మని పేరుతో పిలిచి, "అభయాంబాళ్, ఇంకొక్కసారి" అని బతిమాలుకునేవాడు. ఆయన కొరడాచేరి భాగవతర్. మీరు ఊరూరా వాయించే ఆ శంకరాభరణం పల్లవి అమ్మది. ఇప్పటికీ ఆయన దాన్ని పాడేటప్పుడు గాలి కూడా అమ్మ చెప్పినచోటే పీలుస్తాడు.

ఆడవాళ్ళకి పల్లవి రాదని ఎవరూ నిజంగా అనుకోవడం లేదు తమ్ముడూ. తలుపు వేసి ఉన్నంతసేపు అందరికీ వచ్చనే తెలుసు. నేను అడుగుతున్నది ఆ తలుపు తియ్యమని. అమ్మ గదిలో పాడి గదిలోనే పోయింది. నేను కూడా కీర్తనలు పాడి రాళ్ళు కరిగించి వెళ్ళిపోతే, ఆ తలుపు ఇంకో యాభై ఏళ్ళు వేసే ఉంటుంది. నాకు ముప్పై ఆరు. గొంతు ఇలా ఇంకెన్నాళ్ళుంటుందో తెలియదు.

అయినా నిన్నిక అడగను. నీ సంసారం నీది. మృదంగం లేకుండానే, వయొలిన్‌తో, నా చేతి తాళంతో పాడతానని సెక్రటరీకి చెప్పాను. "మృదంగం లేని పల్లవా!" అని నోరు తెరిచాడు. దీపం రోజున నోటీసు అచ్చుకి వెళుతుంది. నువ్వు మాత్రం రావద్దు. సభలో కూర్చోవడానికి కూడా రావద్దు.

అక్క


కుంభకోణం
1938 నవంబరు 24

అక్కా,

రావద్దన్న ముక్క చదివి పది రోజులు కలం ముట్టలేదు. నన్ను వదిలించుకున్నావనుకున్నాను. తిలకవతి మళ్ళీ మళ్ళీ చదివి, "రావద్దంటే మీరు వేదిక కింద జనంలో కూర్చుంటే ఆవిడ పాడలేరని అర్థం. మీకు తాళాలు తప్ప ఏమీ తెలియవు" అంది. అదేనా?

మొన్న నాగపట్నంలో భాగవతర్ ఆ శంకరాభరణమే ఎత్తుకున్నారు. నువ్వు రాసినట్టే, ఎప్పుడూ పీల్చే ఆ ఒక్కచోటే గాలి పీల్చారు. నా చెయ్యి వాయిస్తోంది, మనసు వాయించడం లేదు. తిరిగొచ్చేటప్పుడు బండిలో అడిగాను, ఆ పల్లవి ఎవరిదండీ అని. "పెద్దలదిరా" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆ వయసులో మనిషి అలా కళ్ళు తప్పిస్తే చూడటం కష్టంగా ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. నీ మొదటి ఉత్తరం వచ్చిన మధ్యాహ్నమే తలుపు వేసుకుని నీ పల్లవి వాయించి చూశాను. ఆ ముప్పావు చోటు నాకు అందలేదు. పదకొండుసార్లు వేశాను, పదకొండుసార్లూ జారింది. బడిపిల్లాడికి లెక్క ఇచ్చినట్టు ఇచ్చావని కోప్పడ్డాను కదా. లెక్క రాకే కోపం వచ్చింది. ఈ ముక్క రాయడానికి ఏడు వారాలు పట్టింది.

ఇప్పుడు పదిలో ఎనిమిదిసార్లు కుదురుతోంది. డిసెంబరుకి పదీ కుదురుతుంది. సెక్రటరీకి తంతి ఇచ్చాను, నోటీసులో నా పేరు వెయ్యమని. నీ అనుమతి అడగలేదు.

తమ్ముడు కుంజితపాదం


మదరాసు
1938 డిసెంబరు 30

కుంజూ,

కచేరీ మర్నాడు పొద్దున లేచి చూస్తే నీ మంచం ఖాళీ. టిఫిన్ కూడా తినకుండా, చెప్పకుండా మొదటి రైలుకి వెళ్ళిపోయావు. నీకోసం చేసిన ఇడియాప్పం పనివాళ్ళు తిన్నారు.

నీ మొహం చూపించలేక వెళ్ళావని నాకు తెలుసు. కానీ జరిగిందేమిటి? నాలుగు గంటలసేపు సాగిన కచేరీలో ఒక్కచోట నీ ముక్తాయింపు ముప్పావు మీద పడాల్సింది, ముందే, దెబ్బ మీద పడింది. ఎంత గట్టిగా, ఎంత అందంగా పడిందంటే ముందు వరసలో వాళ్ళు కూడా తలలూపారు. అదే ఎత్తుగడ అనుకున్నారు. ఆ క్షణాన నా చోటు నేను అందుకుంటే నువ్వు తప్పావని సభంతటికీ తెలిసేది. భాగవతర్ రెండో వరసలో ఉన్నాడు. అందుకని నేను అందుకోలేదు. నోరు మూసుకుని ఒక ఆవర్తనం, ఒక్క చుట్టు తాళం ఆగాను. నువ్వు సర్దుకున్నావు, తర్వాత చోటు మీద ఎత్తుకున్నాను. అంతే. మిగతాదంతా, తమ్ముడూ, నేను చచ్చిపోయేదాకా తలుచుకునే పల్లవి. మూడో కాలంలో నువ్వూ నేనూ ఒకే ఊపిరి పీల్చాం. అది మర్చిపోయి ఆ ఒక్క దెబ్బ పట్టుకుని రైలెక్కుతావా?

ఇక పేపరు ముక్క. నీకు ఎవరో ఒకరు ఎలాగూ చూపిస్తారు కనక నేనే పంపుతున్నాను: "శ్రీమతి తైయల్నాయకి గాత్రం మధురం. కానీ పల్లవిలో ఎత్తుగడ అందక ఒక ఆవర్తనంపాటు మౌనం వహించవలసి వచ్చింది. సోదరుడు శ్రీ కుంజితపాదం పిళ్ళై నిబ్బరంగా తాళాన్ని నిలబెట్టి ఆమెను ఒడ్డు చేర్చారు. గణితం స్త్రీల సుకుమార స్వభావానికి సరిపడదని మరోసారి రుజువైంది."

ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాం. మద్దెల ఓడిపోతే పాట ఓడిందనడం ఇదే మొదలు. నవ్వు రావడం లేదూ? నాకు వచ్చింది, రెండోరోజుకి.

నువ్వు ఎవరికీ ఏమీ చెప్పకు. భాగవతర్ ఇప్పుడు నిన్ను వదలడు. ఆడవాళ్ళకి పల్లవి రాదనడానికి నువ్వే ఆయనకి సాక్ష్యం. నీ ఇంటి పొయ్యిలో పిల్లి పడుకోకూడదు. నేను ఓర్చుకోగలను.

అక్క


కుంభకోణం
1939 జనవరి 22

అక్కా,

నువ్వు చెప్పినట్టే అయింది. ఇల్లు చేరిన నాలుగో రోజున భాగవతర్ స్వయంగా మా గుమ్మంలోకి వచ్చారు. "మాట తప్పావు, సరే. కానీ నా పరువు నిలబెట్టావురా" అన్నారు. నీ పరువు పోవడం ఆయన పరువు నిలబడడం ఎలా అయిందో నాకు అర్థంకాలేదు. నోరు మూసుకున్నాను, నువ్వు చెప్పావని. మూడు వారాలు మూసుకున్నాను. తిలకవతి నాతో మాట్లాడడం తగ్గించింది.

నిన్న తిరువారూరులో కచేరీ. పల్లవికి ముందు భాగవతర్ జనాన్ని చూసి నా భుజం మీద చెయ్యి వేశారు. "మదరాసులో అక్క పల్లవి మునిగిపోతుంటే ఒడ్డున పడేసిన చెయ్యండీ ఇది" అన్నారు. జనం చప్పట్లు. నేనిక ఆగలేకపోయాను. మృదంగం పక్కకి జరిపి లేచి నిలబడ్డాను.

"తప్పింది నేనండీ. మా అక్క తప్పలేదు. నా తప్పు బయటపడకూడదని ఆవిడ ఒక ఆవర్తనం ఆగింది" అన్నాను. జీవితంలో వేదిక మీద నేను మాట్లాడిన మొదటి మాటలవి.

భాగవతర్ తడబడతారనుకున్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు, అక్కా. తుడుచుకుని, "చూశారా!" అన్నారు. "అక్క పరువు కోసం తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఈ కాలంలో ఇలాంటి తమ్ముడుంటాడా?" ఇక చూడు, సభంతా లేచి నిలబడింది. ఒక ముసలాయన వేదిక ఎక్కి నాకు శాలువా కప్పాడు. "కాదండీ, నిజంగా నేనే" అంటుంటే అన్నకొద్దీ చప్పట్లు ఎక్కువయ్యాయి. చప్పట్లకి నేనంత సిగ్గుపడింది ఎప్పుడూ లేదు.

ఆ పూట కచేరీ పూర్తిచేశాను, సగంలో లేచిపోవడం నా అలవాటు కాదు. బయటికొచ్చి భాగవతర్‌కి నమస్కారం పెట్టి, రేపటినించి రానని చెప్పాను. "ఎందుకురా, నిన్ను ఆకాశానికెత్తానుగా" అన్నారు. నిజంగానే అర్థంకానట్టు అడిగారు.

ఏం చెయ్యను? నిజం చెప్పాను. చెప్పినకొద్దీ అది నిన్నే ముంచింది.

తమ్ముడు


మదరాసు
1939 జనవరి 28

తమ్ముడూ,

నీ ఉత్తరం కంటే నీ కీర్తి ముందు వచ్చింది. మొన్న సెక్రటరీ అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. "ఎంత పుణ్యం చేసుకున్నారమ్మా! మీకోసం అబద్ధం కూడా ఆడగల తమ్ముడు!" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు, నిజమేనండీ అన్నాను. "అదే, అదే, మీరూ ఆయన్ని కాపాడుకొస్తున్నారు. ఏం అక్కాతమ్ముళ్ళండీ!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ, వచ్చే ఏడు మధ్యాహ్నం రెండింటి కచేరీ అనీ, కీర్తనలు చాలనీ చెప్పి వెళ్ళాడు.

అతను వెళ్ళాక అరటిపండు తింటూ చాలాసేపు ఆలోచించాను. కోపం నీ మీద కాదు, జనం మీద కూడా కాదు, నా మీద. ఆరోజు ఆగమని నన్నెవరు అడిగారు? నువ్వు అడగలేదు. నేనే ఆగాను. మన ఇళ్ళల్లో ఆడది ఆగడం అంత అలవాటు, మగవాడి తప్పు కప్పడానికి నోరు మూసుకోవడం గొంతుతోపాటు నేర్పిస్తారు. నాకు తెలియకుండానే వేదిక మీద కూడా అదే చేశాను. అమ్మ కోసం తలుపు తీస్తానని పెద్ద మాటలు రాసి, తీసిన తలుపు నా చేత్తోనే మళ్ళీ దగ్గరగా వేశాను. ప్రేమతోనే వేశాను, అది వేరే సంగతి. మాటలతో దీన్ని ఇక తియ్యలేం. నువ్వు నిజం చెబితే త్యాగమంటున్నారు, నేను చెబితే నిన్ను కాపాడుకొస్తున్నానంటున్నారు.

భాగవతర్‌ని వదిలేసినందుకు నిన్ను తిట్టాలని కాగితం తీసి, తిట్టలేకపోయాను. మంచి పని చేశావు. తిలకవతి మాట్లాడుతోందా?

నిన్న సేలం నుంచి కబురొచ్చింది. మార్చిలో వచ్చే పంగుని నెలలో కచేరీ, సాయంత్రం ఆరింటికే. పల్లవి తప్పకుండా ఉండాలని వాళ్ళే అడిగారు. ఎందుకో తెలుసా? ఆ తమ్ముడు అక్కని ఎలా నిలబెడతాడో కళ్ళారా చూడాలట. సరే అని జవాబు రాసేశాను, మృదంగం పేరుతో సహా.

ముగ్గురూ బయలుదేరి రండి. మిద్దె మీద గది ఊడిపించాను. సాధన ఎంత కావాలంటే అంత చేద్దాం, నీకేది తెలియకపోయినా దాచకుండా చెబుతాను. కానీ ఒక సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత అలగకు. వేదిక మీద మాత్రం నీ చెయ్యి తప్పినా, నా చోటు నేను అందుకుని పాడతాను. ఎవరు తప్పారో సేలం అంతా చూస్తుంది. ఈసారి నేను ఆగను.

అక్క తైయల్నాయకి